పిడికెడు దూది

మా అన్న ట్రంబోనులో దూది కుక్కింది నేనే. తాగి చేసిన పని కాదు, ఒకరు చెబితే చేసిన పనీ కాదు. పోయినేడు ఉగాది వెళ్లిన పదో రోజు, పట్టపగలు, మా ఇంటి అరుగు మీద కూర్చుని సైడ్ డ్రమ్ము పుల్లతో పొడిచి పొడిచి మరీ కుక్కాను.

ఆదోనిలో మాది జ్యోతి బ్యాండు సెట్టు. మా నాయన పెట్టింది. ఆయన పోతూ పోతూ మాస్టరు టోపీ పెద్దకొడుకు హుసేనప్పకు కాకుండా నాకిచ్చాడు. ఎందుకో మా వీధిలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. హుసేనప్పకు పాట నిలవదు. ట్రంబోను కూడా ఇత్తడి బాకాయే, కాకపోతే దానికి మీటలుండవు. ముందుకూ వెనక్కూ జారే పొడుగాటి గొట్టం ఉంటుంది. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ స్వరం. మా అన్న చెయ్యి ఎక్కడా ఆగదు. పల్లవి వరకు బుద్ధిగా వాయిస్తాడు, చరణం వచ్చేసరికి ఎటో పోతాడు. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు సైరను, లోడు లారీ ఎత్తు ఎక్కేటప్పటి మూలుగు, దూడ కనపడని బర్రె అరుపు, ఇవన్నీ వస్తాయి అందులోంచి, పాట తప్ప. ఇంకో విద్య కూడా ఉంది. పెదాలతో ఒక స్వరం ఊదుతూనే గొంతులో ఇంకో స్వరం పాడతాడు. రెండూ కలిసి గొట్టంలోంచి బయటికొస్తే మూడో మనిషి ఎవడో అరుస్తున్నట్టు ఉంటుంది.

"యాడ నేర్చినావురా ఈ పాడు సప్పుడు?" అని మా నాయన అడిగితే, "నేర్చలేదు నాయనా, వచ్చింది" అనేవాడు. అంతే.

ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకు వాయించాడు మా అన్న. ఈ ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు వైపు ఎవరింట్లో పెళ్లి వీడియో పెట్టినా ఎక్కడో ఒకచోట కనపడతాడు. ఎర్ర కోటు, బంగారు రంగు పట్టీ, బుగ్గలు రెండు టమాటాలు. కానీ ఆయన శబ్దం మాత్రం ఒక్క వీడియోలోనూ లేదు. వీడియోవాళ్లు మెరవణి, అంటే పెళ్లి ఊరేగింపు, వచ్చినచోటల్లా అసలు శబ్దం తీసేసి సినిమా పాట పెడతారు. మా అన్నకు ఇది పెద్ద దిగులు. ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఆ వీడియో పెట్టించుకుని, తన బొమ్మ రాగానే టీవీ దగ్గరికి వెళ్లి చెవి పెట్టేవాడు. "ఊదతాండా గదా ఆడ, యాడికి పోయింది?" అనేవాడు. జనం నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని.

నాకు పెళ్లి కాలేదు. వందల పెళ్లిళ్లు నడిపించిన మాస్టరుకి ఒక్క పెళ్లి కుదరలేదు, అదో ముచ్చట. మా అమ్మ పోయినప్పటి నుంచి నాకు అన్నం పెట్టింది మా వదిన లింగమ్మ. పత్తి మార్కెట్ యార్డులో ఊడ్చే పనికి పోతుంది. ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లం.

ఆ సీజనులో మొదటి బుకింగు ఎమ్మిగనూరులో, మగ్గాలవాళ్ల పెళ్లి. మగ్గాలు చాలావరకు మూలపడ్డాయి కానీ ఇంటిపేరు మాత్రం అలాగే ఉంది వాళ్లకు. పొద్దున తొమ్మిదికి పెళ్లికొడుకును మంటపానికి తీసుకెళ్తున్నాం. దారిలో ఒక గుమ్మం ముందు ముసలామె కూర్చుని ఉంది, పెళ్లికొడుకు అవ్వ. ఆమె వెనకాల గదిలో దుమ్ము పట్టిన మగ్గం కనపడుతోంది. అంతే, మా అన్న పాట వదిలేశాడు. ట్రంబోనులో మగ్గం మొదలుపెట్టాడు. దారం మోసే నాడె అటు పోయి ఇటు వచ్చినట్టు టకా టకా, మగ్గం పలక కొట్టిన శబ్దం, దారం తెగితే నేతగాడు నిట్టూర్చిన శబ్దం. ఆ తర్వాత గొంతు కూడా కలిపాడు. ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. క్లారినెట్ ఆగిపోయింది, డ్రమ్ములు ఆగిపోయాయి, మెరవణి నడివీధిలో నిలబడిపోయింది.

పెళ్లికొడుకు మేనమామ నాగప్ప వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

"పెండ్లికి పిలిస్తిమా, సావుకు పిలిస్తిమా మిమ్మల్ని?"

"తప్పయింది సామీ."

"ముసిల్దాన్ని ఏడిపిచ్చేకి దుడ్లిచ్చి తెచ్చుకోవల్లనా?" అని రెండు చెంపలూ వాయించాడు. వాయించేది నా వృత్తి. ఆ రోజు నన్నే వాయించారు. మా ఎర్రిస్వామి, సైడ్ డ్రమ్ము కొట్టేవాడు, తల అటు తిప్పుకున్నాడు. నా చొక్కా గుండీ ఒకటి తెగి మట్టిలో పడితే, అందరూ చూస్తుండగా వంగి ఏరుకున్నాను.

ఇది ఇక్కడితో ఆగి ఉంటే నేను నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ని. ముహూర్తం అయ్యాక భోజనాల పందిరి వెనకాల, చేతులు కడుక్కునే చోట, ఒకమ్మాయి మా అన్న దగ్గరికి వచ్చింది. పేరు కృప. పెళ్లికూతురి స్నేహితురాలు. వాళ్ల పెద్దలది ఇటువైపు పల్లెటూరే, ఇప్పుడు బెంగళూరులో సంగీతం నేర్పే చోట పని. ఆ పిల్ల వాయించేది కూడా ట్రంబోనే అట.

"అంకుల్, ఇందాక మీరు వాయించింది ఎవరు నేర్పారు?"

మా అన్న బెదిరిపోయాడు. "తప్పయింది పాపా. ఇంగ వాయించను."

"తప్పేంటి అంకుల్! దీన్ని జాజ్ అంటారు. అందులోనూ పాట లేకుండా, కట్టు లేకుండా వాయించేవాళ్లు కొంతమంది ఉన్నారు దేశదేశాల్లో. గొంతూ బాకా కలిపి ఊదడం వాళ్లు ఏళ్లకేళ్లు సాధన చేసి పట్టుకుంటారు. మీరు ఎండలో నడుస్తూ ఊదేశారు."

మా అన్న నా వైపు చూశాడు. నేను పక్కనే కూర్చుని అన్నం కలుపుతున్నాను.

"నేను మంచి మిషను తీసుకుని మళ్లీ వస్తాను. మీరొక్కరే వాయించాలి. రికార్డు చేస్తాను" అంది.

"పైన సినిమా పాట పెడతారా?"

"ఏ పాటా పెట్టను. మీ శబ్దం ఒక్కటే."

మా అన్నకు ఫోను లేదు. మాస్టరును నేనే కదా, నా నంబరు రాసుకుంది. నా పేరు మాత్రం అడగలేదు. ఇరవై ఏళ్లు క్లారినెట్ పట్టుకుని ముందు నడిచినవాణ్ని నేను. శ్రుతి తప్పిందీ లేదు, పాట తప్పిందీ లేదు. చెంపదెబ్బలు నాకు, దండ ఆయనకు. బస్సులో ఆదోని చేరేవరకు మా అన్న కిటికీ వైపు తిరిగి, "మీ శబ్దం ఒక్కటే అనె" అని తనలో తాను అంటూనే ఉన్నాడు. నాకు కడుపు మండింది. ఆ మంటకు వేరే పేరు పెట్టను.

ఇంటికి రాగానే వదినను అడిగాను. "వదినా, రేపు యార్డు నుంచి పిడికెడు దూది తెస్తావా?"

"దేనికి జయరామా?"

"చెవుల్లో పెట్టుకునేకి."

"మీ యన్న ఊదుడుకా? అట్లయితే నాకూ కావల్ల" అని నవ్వింది. మర్నాడు కొంగు చివర మూట కట్టుకుని తెచ్చింది. చెవుల్లోకి అన్నాను కదా, గుచ్చుకుంటుందని ఒక్కొక్క గింజా, ఆకు ముక్కా ఏరి శుభ్రం చేసి ఇచ్చింది.

బ్యాండు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పెళ్లివాళ్లు ఇరవై మందిని అడిగితే ఇరవై మందీ వాయించేవాళ్లే ఉండరు. నాలుగైదుగురు డమ్మీలు. కోటు, టోపీ వేసి చేతికొక బాకా ఇచ్చి వరుసలో నిలబెడతాం. బుగ్గలు పొంగించి ఊదినట్టు నటించాలి, శబ్దం రాకూడదు. రిక్షా లాగేవాళ్లు, హమాలీలు, పని దొరకని తాగుబోతులు వస్తుంటారు దానికి.

"అన్నా, ఈ సీజను నువ్వు డమ్మీ" అన్నాను.

మా అన్న ట్రంబోను ఒళ్లో పెట్టుకుని తుడుస్తున్నాడు. చెయ్యి ఆగింది. "సరే. ఊదొద్దంటే ఊదను."

నేను బాకా తీసుకుని దాని వెడల్పు మూతిలో దూది కుక్కడం మొదలుపెట్టాను.

"ఊదనంటిని గదరా. దూదెందుకు?"

"నీ మాట మీద నమ్మకముందన్నా. నీ ఊపిరి మీదనే లేదు."

ఈ మాట నాకు చాలా తెలివిగా అనిపించింది ఆ రోజు. తర్వాత బ్యాండువాళ్లందరికీ చెప్పుకున్నాను కూడా. మా అన్న నేను పుల్లతో పొడుస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. కోటు వేసుకున్నాక అన్నా లేదు, తమ్ముడూ లేదు, మాస్టరు మాటే మాట అనేది మా నాయన పెట్టిన కట్టు. ఆ కట్టు మీదే నేను బతికాను, దాని కిందే మా అన్న నలిగాడు అనుకోవాలి.

"మాస్టరు పెట్టింది మాస్టరే తియ్యల్ల" అన్నాడు చివరికి. ట్రంబోను తీసుకెళ్లి గోడకు తగిలించాడు.

ఏప్రిల్, మే రెండు నెలలూ ముహూర్తాల మీద ముహూర్తాలు. ఎండ నెత్తి మాడుస్తోంది, ఉన్ని కోట్లు ఒంటికి అతుక్కుపోతున్నాయి. మా అన్న వరుసలో చివర నడిచేవాడు. ఊదను అన్నవాడు ఊదుతూనే ఉన్నాడు. బుగ్గలు పొంగించి, మెడ నరాలు తేలి, చెయ్యి ముందుకూ వెనక్కూ పోనిచ్చి, అసలు వాయించేవాళ్లకంటే ఎక్కువ చెమట కార్చేవాడు. పక్కన నడిస్తే సీసాలో పడిన తుమ్మెదలా సన్నటి జుమ్మనే శబ్దం వినిపించేది, అంతే. జనానికి ఏమీ వినిపించేది కాదు. ఇంతకంటే మంచి డమ్మీ నాకు దొరకలేదు.

ఆలూరులో ఒక పెళ్లి రోజు టెంటు నీడలో కూర్చుని సోడాలు తాగుతుంటే ఎర్రిస్వామి ట్రంబోను మూతిలోకి తొంగిచూశాడు.

"హుసేనప్పన్నా, ఇదేమప్పా! శవానికి ముక్కులో పెట్టినట్ల పెట్టినాడే జయరామన్న!"

బ్యాండంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. మా అన్న కూడా కొంచెం నవ్వాడు, నలుగురిలో పడి నవ్వకపోతే బాగుండదని. సోడా సీసా పక్కన పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మూతిని కప్పుకున్నాడు.

ముహూర్తాలు లేని రోజుల్లో మధ్యాహ్నం మూతపడిన జిన్నింగు మిల్లు వెనక్కి పోయేవాడు. ఏం చేస్తాడా అని ఒకరోజు వెంట వెళ్లి చూశాను. ట్రంబోను తీసుకుపోలేదు. నోటికి పెట్టుకునే మౌత్‌పీసు ఒక్కటే జేబులోంచి తీసి, రేకుల షెడ్డులో నిలబడి, దాంతోనే బుర్రుమని ఊదుతున్నాడు. దూది తీయనన్నాడు కదా, తీయలేదు. షెడ్డు ఆ బుర్రుమనేదాన్ని పెద్దది చేసి తిరిగి ఇస్తుంటే, విని, తల ఊపి, మళ్లీ ఊదుతున్నాడు. ఆ అమ్మాయి వచ్చేసరికి పెదాలు మొద్దుబారకూడదని. నాకు జాలి కలగలేదా అంటే కలిగింది. ఇంటికి వచ్చి అన్నం తిని పడుకుంటే పోయింది.

రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న. "ఆ పాప ఫోను చేసినాదా?"

"ల్యా."

"నంబరు సరిగ్గ రాపిచ్చినావా?"

"నా నంబరు నాకు తెల్దా అన్నా?"

"అట్ల కాదప్పా. యాదిమర్సి ఒకటి తక్కువ చెప్పింటావేమోనని."

మే నెలాఖరులో ఫోను వచ్చింది. యార్డు ఎదురుగా టీ బంకు దగ్గర కూర్చుని ఉన్నాను. వచ్చే నెల ఎనిమిది, ఆదివారం, వస్తానంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అంకుల్ తనకు కావాలంది. రెండు మైకులు తెస్తోందట, ఏదైనా పాత మిల్లు షెడ్డులాంటిది దొరికితే ఇంకా బాగుంటుందట.

ఎనిమిదో తారీకు మాకు ఆ సీజనులోకెల్లా పెద్ద బుకింగు. పత్తి మండీ శెట్టి కొడుకు పెళ్లి. మూఢం రాకముందు చివరి ముహూర్తం. ఇరవై ఐదు మంది కావాలన్నారు. తలలు లెక్కపెట్టుకుంటామని మొహం మీదే చెప్పారు. డమ్మీలతో కలిపి లెక్క వేస్తే మా అన్నతో సరిగ్గా ఇరవై ఐదు. వాయించడానికి పనికిరాడు, లేకపోతే లెక్కకు రాదు.

ఫోనులో ఆ పిల్లకు ఆ జవాబిచ్చింది అందుకేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. రైల్వే స్టేషను ముందుకు వెళ్లి చెయ్యి ఊపితే పదిమంది వచ్చి ఆ కోటు తొడుక్కుంటారు. ఇరవై ఐదో మనిషి దొరకడం పెద్ద పని కాదు. ఆదివారమంతా రెండు మైకుల ముందు మా అన్న కూర్చుని ఉండటం నేను చూడలేను. అదొక్కటే సంగతి.

"ఆయన చనిపోయినాడమ్మా" అన్నాను.

ఎలా, ఎప్పుడు అంది.

"గుండెపోటు. పది రోజులాయె. నీకు ఫోను చేద్దామంటే నంబరు కనపళ్లేదు."

ఆ పిల్ల ఏడ్చింది. ఒక్కసారి విన్న మనిషి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని, చల్లారిపోతుందని టీ తాగేశాను. సాయంత్రం అరుగు ఎక్కుతుంటే మా అన్న లేచి నిలబడ్డాడు. "ఫోను వచ్చెనా?"

"రాలేదన్నా. పెద్ద పెద్దోళ్లు, మర్సిపోయింటారు."

"ల్యా, మర్సదు ఆ పాప" అన్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు శెట్టి ఇంటి ముందు వరుస కట్టాం. శెట్టి బామ్మర్ది వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు. ఇరవై ఐదోది మా అన్నది. పెళ్లికొడుకు గుర్రమెక్కాడు, నేను క్లారినెట్ ఎత్తాను. కొత్త సినిమా పాట, మంచి ఊపు మీద ఉంది. గడియారం స్తంభం దాటాక ఎదురుగా జనం పాయలుగా చీలడం కనిపించింది.

అంతకు ముందు మా ఇంట్లో ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత రికార్డులో విన్నాను. కృప వచ్చింది. మనిషి లేకపోయినా ఇంటివాళ్లను ఒకసారి చూసి, ఆయన గురించి నాలుగు మాటలు రికార్డు చేసుకుని పోదామని ఎమ్మిగనూరు బస్సు దిగి, ఇల్లు కనుక్కుంటూ వచ్చింది. మిషను అప్పటికే తిరుగుతోంది. తలుపు తీసిన చప్పుడు. "హుసేనప్ప అంకుల్ భార్య మీరేనా? అంకుల్ చనిపోయారని మాస్టర్ గారు ఫోన్లో చెప్పారు ఆంటీ. చాలా బాధగా ఉంది."

మా వదినకు ఏం అర్థం కావాలి? గంట కిందట చద్దన్నం తిని, కోటు గుండీలు పెట్టించుకుని పోయిన మొగుడు. ఎండేమో మండిపోతోంది, మనిషికేమో అరవై దగ్గర పడుతున్నాయి. మాస్టరు ఫోను చేశాడంటే పెళ్లిలోనే పడిపోయాడనుకుంది. ఒక్క అరుపు అరిచింది. రెండు చేతులూ గోడకేసి కొట్టుకుంటే గాజులు పగిలిన శబ్దం కూడా ఉంది అందులో. ఆ తర్వాత అంతా పరుగు, రొప్పు. వెనకాల కృప "ఆంటీ, ఆంటీ" అంటూ వస్తోంది, చేతిలో మిషనుతో.

మా వదిన చెప్పులు లేకుండా, జుట్టు ఊడిపోయి, మణికట్లు నెత్తురు కారుతూ మెరవణికి ఎదురొచ్చింది. శుభమా అని గుర్రమెక్కిన పెళ్లికొడుకు ముందుకు గాజులు పగిలిన ఆడమనిషి ఏడుస్తూ వచ్చింది. శెట్టి ఇంటి ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. పాట ఎవరికి వారే ఆపేశారు.

"హుసేనప్పా! నా సామీ! యాడ పండబెట్టినారు నిన్ను?"

వరుస చివర మా అన్న నిలబడి ఉన్నాడు, ట్రంబోను నోటికి పెట్టుకుని. మా వదిన ఆయన్ను చూసింది కానీ చూసినట్టు లేదు. కళ్లు ఆయన మీదే ఉన్నాయి, అరుపు మాత్రం ఆగడం లేదు. ఆయన ఆమెను చూశాడు. ఆమె వెనకాల నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న కృపను చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. తెలివితక్కువవాడని అందరూ అనుకునే మనిషి. అంతా తెలుసుకోవడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

రెండు వేళ్లు ట్రంబోను మూతిలో పెట్టి దూది లాగి పారేశాడు. ఊదాడు.

మా వదిన ఏడుపు ఏ స్వరంలో ఉందో సరిగ్గా అదే స్వరంలో పట్టుకున్నాడు. కింద గొంతుతో ఇంకొకటి పాడుతున్నాడు, ఓదార్చినట్టు. ఆమె ఏడుపు పైకి పోతే బాకా పైకి పోయింది. ఆమె తగ్గితే తగ్గింది. నేనిక్కడ ఉన్నాను అని చెప్పడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. ఆమె అరుపు మెల్లగా ఆగుతోంది. జనం కదలకుండా నిలబడిపోయారు. శెట్టి బామ్మర్ది మా వైపు రావడం చూశాను. ఎమ్మిగనూరు చెంపదెబ్బలు నా మొహం మీద మళ్లీ చుర్రుమన్నాయి.

"ఆపన్నా!" అని అరచేత్తో బాకా మూతిని కొట్టాను.

గట్టిగా కొట్టాలని కాదు. కానీ ట్రంబోను ఆయన నోటికి ఆనుకుని ఉంది. మౌత్‌పీసు లోపలికి పోయింది. పై పళ్లు రెండు ఊడాయి, పై పెదవి నడిమికి చీలింది. ఎర్ర కోటు మీద నెత్తురు పెద్దగా కనపడలేదు. అప్పటికి శెట్టి మనుషులు వచ్చి మా మీద పడ్డారు. తోపులాటలో ఎవరి చెయ్యి ఎక్కడ తగిలిందో ఎవరూ చూడలేదు.

ఆస్పత్రిలో డాక్టరు "ఎలా తగిలింది?" అంటే మా అన్న పెదవికి గుడ్డ అదుముకుని, "పడినా సార్" అన్నాడు. వదిన అడిగితే శెట్టి మనుషులు కొట్టారని నేను చెప్పాను. ఆమె వాళ్ల ఏడు తరాలనూ శపించింది. ఫోను అబద్ధం సంగతికి నన్ను తిట్టింది, మొహాన ఉమ్మింది, మూడు రోజులకు మళ్లీ అన్నం పెట్టింది. పెంచిన చెయ్యి కదా.

కృప వరండాలో నా దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది. "ఎందుకండీ?"

"ఒక మనిషి తక్కువయితాడని" అన్నాను.

కుట్లు విప్పారు. కట్టుడు పళ్లు పెట్టించాం. కొత్త గాజులు మా అన్నే కొనుక్కొచ్చి వదిన చేతికి తొడిగాడు. ఒక మధ్యాహ్నం గోడ మీది ట్రంబోను తీసి నోటికి పెట్టుకున్నాడు. గాలి పళ్ల సందులోంచి, కుట్ల పక్కనుంచి పోయింది. సైకిలు ట్యూబులోంచి పోయినట్టు బుస్సుమంది. ఇంకోసారి ప్రయత్నించాడు, ఇంకోసారి. తుడిచి మళ్లీ గోడకు తగిలించాడు. మిల్లు వెనక్కి పోవడం మానేశాడు.

దసరా ముందు బెంగళూరు నుంచి వదిన పేరు మీద చిన్న పార్శిలు వచ్చింది. వేలెడంత మిషను, దానికి స్పీకరు. ఆ రోజుటి రికార్డు. కృప ఏదీ కత్తిరించలేదు, ఏదీ కలపలేదు, చెప్పిన మాట నిలబెట్టుకుంది. ముగ్గురం కూర్చుని విన్నాం. తలుపు చప్పుడు, కృప మాట, వదిన అరుపు, గాజులు, పరుగు, దూరం నుంచి మా సినిమా పాట, దగ్గరవుతూ. పాట ఆగింది. అప్పుడు మా అన్న వచ్చాడు. పదకొండు సెకన్లు. తర్వాత లెక్కపెట్టి చూశాను, పదకొండే. ముప్పై ఏళ్ల వాయింపులో ఆయన శబ్దం నిలిచింది అంతవరకే.

పన్నెండో సెకనులో నా గొంతు. "ఆపన్నా!" వెంటనే ఇత్తడి మీద అరచెయ్యి పడిన శబ్దం, ఆ తర్వాత పంటి శబ్దం. శెట్టి మనుషుల అరుపులు చాలా తర్వాత గాని రావు.

మా వదిన వెనక్కి జరిపి ఆ ముక్క మళ్లీ పెట్టింది. మూడోసారి కూడా పెట్టింది. నా వైపు చూడలేదు. మా అన్న మాత్రం ముందుకు వంగి, స్పీకరుకు చెవి ఆనించి వింటున్నాడు. మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"సప్పుడు బాగ నిలబడింది గదా?" అన్నాడు. కట్టుడు పళ్లలోంచి మాట ముద్దగా వచ్చింది. "పైన ఏ పాటా ల్యాదు సూడు."

ఆ పూట నుంచి నా కంచం అరుగు మీదకు మారింది. వదిన అందులో అన్నీ వడ్డిస్తుంది, నీళ్లు పెడుతుంది, పిలవదు.

ఈ ఏడు ఉగాది కూడా వెళ్లింది. ముహూర్తాలు మొదలయ్యాయి. మా అన్న కోటు వేసుకుని వరుసలో చివర నిలబడుతున్నాడు, ట్రంబోను నోటికి పెట్టుకుని. బుగ్గలు పొంగిస్తాడు, చెయ్యి ముందుకూ వెనక్కూ పోనిస్తాడు. శబ్దం రాదు. మూతిలో ఏమీ పెట్టడం లేదు నేను, అవసరం లేదు.

కానీ బుకింగు ఉన్న ప్రతి పొద్దునా, బ్యాండంతా అరుగు ముందు కోట్లు తొడుక్కుంటున్నప్పుడు, మా వదిన లోపలి నుంచి వస్తుంది. అందరి ముందూ కొంగు మూట విప్పి నా చేతిలో పిడికెడు దూది పెడుతుంది.

"ఇంద జయరామా. గింజలు ఏరినా" అంటుంది.

తీసుకుంటాను. ఇప్పటికి ఒక దిండుకు సరిపోయేంత అయింది.